లోపలికి పీల్చిన అవును

ఆ రోజు పొద్దున మైలిస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. రైలు మారే ఈ ఇటలీ ఊళ్ళో ఒక కప్పు కాఫీ తాగాలి. తర్వాతి పాసింజరు ఎక్కి జెనోవా చేరాలి. అక్కడ సముద్రం ఒడ్డున ఏదో ఒక బల్ల చూసుకొని కూర్చుని ఆల్గోట్‌ను ఒక ప్రశ్న అడగాలి. జవాబు మాటలో రాబట్టాలి. ఈ చివరిది తప్ప మిగతావన్నీ తేలికే.

ఇద్దరూ మా ఓసెలె వాళ్ళే. స్వీడన్ మ్యాపులో పైకి, ఇంకా పైకి చూస్తే కనిపిస్తుంది. ఆల్గోట్ రంపపు మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. మైలిస్ బడిలో పిల్లలకు వండి పెట్టి రిటైరయింది. ముప్పై ఏళ్ళుగా ఆల్గోట్ ఇంట్లో కాపురం చేస్తున్నారు, పెళ్ళి మాత్రం చేసుకోలేదు. మా దగ్గర అదేమీ విడ్డూరం కాదు. సగం ఊరు అలాగే ఉంటుంది, అలా ఉండేవాళ్ళను సాంబో అంటారు. బతికున్నంత కాలం సాంబోకూ పెళ్ళానికీ తేడా ఎవరికీ తెలియదు. పోయాకే తెలుస్తుంది.

పోయిన చలికాలం పక్కింటి సిక్స్టెన్ పోయాడు. అతనితో పాతికేళ్ళు కాపురం చేసిన రూత్‌ను చర్చిలో రెండో వరసలో కూర్చోబెట్టారు. మొదటి వరసలో అతని అన్న కొడుకులు కూర్చున్నారు. ఇల్లు సిక్స్టెన్ తాతల నాటిది కాబట్టి అదీ వాళ్ళకే పోయింది. మంచు కరిగేలోగా రూత్ సామాను సర్దుకుంది. రూత్‌కు పెట్టెలు కట్టడంలో సాయం చేసి ఇంటికొచ్చిన రోజునే మైలిస్ పెద్దవాళ్ళ రాయితీ మీద రెండు రైలు పాసులు కొంది. యూరప్ అంతా వీపున సంచులు వేసుకొని తిరిగొద్దామంటే ఆల్గోట్ కాదనలేదు. అతను దేన్నీ కాదనడు. అసలు చిక్కంతా అదే.

మా ఉత్తరాది వాళ్ళలో "అవును" అనే మాట నోట్లోంచి బయటికి రాదు, నోట్లోకి పోతుంది. పెదాలు సున్నా చుట్టి గాలిని గబుక్కున లోపలికి పీలిస్తే "ష్వుప్" మని చిన్న చప్పుడవుతుంది. అదే మా అవును. ఆడా మగా, పిల్లా పెద్దా అందరిదీ అదే అలవాటు. చలికి నోరు తెరవలేక పుట్టిన అలవాటని కొందరంటారు. మాట ఖర్చు పెట్టడం ఇష్టం లేక పుట్టిందని నేనంటాను. ఆల్గోట్ ఆ విద్యలో అందరినీ మించిపోయాడు. మైలిస్ ఇంతకు ముందు మూడుసార్లు పెళ్ళి మాట ఎత్తింది. మొదటిసారి "ష్వుప్" అని కట్టెలు తేవడానికి వెళ్ళాడు. రెండోసారి "ష్వుప్" అని బంగాళాదుంపలు తవ్వుకుంటూ పోయాడు. సిక్స్టెన్‌ను పాతిపెట్టొచ్చిన రాత్రి "ష్వుప్" అని టీవీ చప్పుడు పెంచాడు. కాదంటే పోట్లాడవచ్చు. గాలితో ఎవరు పోట్లాడతారు?

అందుకే ఆమె కట్టెలూ దుంపలూ టీవీ లేని చోటికి అతన్ని లాక్కొచ్చింది. కుర్రకారు పడుకొనే సత్రాల్లో రెండంతస్తుల మంచాల మీద పడుకుంటూ, స్టేషన్ కుళాయిల దగ్గర బట్టలు ఉతుక్కుంటూ దేశాలు దాటారు. బయట తిండి దండగ అని ఆల్గోట్ తన సంచీ నిండా ఇంటి సరుకే మోసుకొచ్చాడు. ఎండు రొట్టెలు, చేపగుడ్ల ముద్ద నింపిన ట్యూబులు, కాఫీలో వేసుకొనే చీజు. అవును, కాఫీలోనే. మా దగ్గర అది లేని కాఫీని కాఫీ అనరు.

స్టేషను ఎదురుగా ఒర్నెల్లా అనే ఆవిడ కాఫీ కొట్టు ఉంది. ఆల్గోట్‌ను ఒక కుర్చీలో కూర్చోబెట్టి, "నేను స్టేషన్లో మొహం కడుక్కొస్తా. నువ్వు ఎటూ పోకు, తెలిసిందా?" అంది మైలిస్.

"ష్వుప్," అన్నాడు ఆల్గోట్.

మైలిస్ మొహం కడుక్కోవడానికి పోలేదు. అద్దం ముందు నిలబడి ప్రశ్న వల్లె వేసుకోవడానికి పోయింది. "ఆల్గోట్, మనం పెళ్ళి చేసుకుందామా? పీల్చకు. నోరు తెరిచి చెప్పు." పక్కన చేతులు కడుక్కుంటున్న ఒకావిడ భయపడి అవతలికి జరిగింది. మైలిస్‌కు అదేమీ పట్టలేదు. గొంతు వణకకుండా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ అనుకుంది.

ఈలోగా కొట్లో ఆల్గోట్ గుడ్డ మూట విప్పాడు. జేబులోని చాకుతో చీజును ముక్కలు కోసి కాఫీ కప్పులో వేశాడు. ఇటలీ కప్పు మరీ బుల్లిది కావడంతో ముక్కలు పైకి గుట్టగా తేలాయి. గ్లాసు తుడుస్తున్న ఒర్నెల్లా చెయ్యి ఆగిపోయింది.

"ఓరి దేవుడా, కాఫీలో చీజా? మా అమ్మ చూసుంటే ఇక్కడే కూలబడేది," అని కొట్లో ఉన్నవాళ్ళతో తన భాషలో అని, కౌంటరు దాటి అతని దగ్గరికొచ్చి వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది. "పెద్దాయనా, ఒంట్లో బానే ఉందా?"

ఆల్గోట్‌కు ఆ మాత్రం ఇంగ్లీషు అర్థమవుతుంది. "ష్వుప్," అన్నాడు.

ఒర్నెల్లా రెండడుగులు వెనక్కేసింది. "ఇరుక్కుందా? గొంతులో ఇరుక్కుందా?" అని తన భాషలో అరిచింది. చీజు రుచి గురించి అడుగుతోందనుకున్నాడు ఆల్గోట్. ఇంటి సరుకు మెచ్చుకుంటే ఎవరికి చేదు? ఈసారి కాస్త గట్టిగానే "ష్వుప్" అన్నాడు.

ఆమె వీపు మీద దబదబా బాదడం మొదలుపెట్టింది. మూల బల్ల దగ్గర కాఫీ తాగుతున్న రైల్వే గార్డు ఒకాయన లేచొచ్చి, ఆల్గోట్‌ను వెనకనుంచి కావలించుకొని పొట్ట మీద పిడికిలి బిగించి పైకి ఎత్తాడు. నోట్లోని చీజు ముక్క ఎగిరి కౌంటరు మీద పడింది. కొట్టంతా చప్పట్లు కొట్టింది.

"వచ్చేసింది! వచ్చేసింది! ఇప్పుడు బానే ఉందా తాతా?" అని ఇంగ్లీషులో అడిగింది ఒర్నెల్లా.

"ష్వుప్."

చప్పట్లు ఆగిపోయాయి. ఎవరో ఫోను తీసి, ఏ భాషయినా తర్జుమా చేస్తుందంటూ ఆల్గోట్ నోటి ముందు పెట్టారు. నీకు సాయం కావాలా అని ఫోను స్వీడిష్‌లోనే అడిగింది. ఇంత దూరంలో సొంత భాష వినబడినందుకు పొంగిపోయి, ఎవరో అమ్మాయి మాట్లాడుతోందనుకొని, నాకేం సాయం కావాలమ్మా అందామనే నోరు తెరిచాడు. అంతలో ఫోను, నేను చెప్పింది వినపడిందా అంది. "ష్వుప్," అన్నాడు. దయచేసి మాట్లాడండి, అంది ఫోను. మళ్ళీ "ష్వుప్" అన్నాడు. ఫోను కూడా చేతులెత్తేసింది.

పక్క వీధి మందుల షాపాయన తెల్లకోటుతో పరిగెత్తుకొచ్చి ఆల్గోట్‌ను నేల మీద పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తి అతని సంచీ మీదే పెట్టించాడు. సరిగ్గా అప్పుడు మైలిస్ తిరిగొచ్చింది. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి మోకాళ్ళ మీద కూలబడింది.

"ఆల్గోట్! ఏమైంది? బానే ఉన్నావా?"

"ష్వుప్."

మైలిస్ గుండె కుదుటపడింది. లేచి మోకాళ్ళు దులుపుకొని, "బానే ఉన్నాడంట," అని అందరికీ ఇంగ్లీషులో చెప్పింది. అక్కడున్న ఆడవాళ్ళు ఆమెకేసి చూసిన చూపు, మొగుడికి విషం పెట్టిన దానికేసి చూసే చూపు.

"ఏమ్మా, ఎప్పట్నుంచి ఇలా?" అన్నాడు మందుల షాపాయన.

"చిన్నప్పట్నుంచీ అంతే."

"చిన్నప్పట్నుంచా? ఒక్క డాక్టరుకైనా చూపించలేదా?"

"చూపించడానికేముందండీ? మా ఊళ్ళో అందరూ ఇంతే."

"అందరూనా? ఊరు ఊరంతానా?"

"ష్వుప్," అంది మైలిస్. పాపం, అలవాటు.

మందుల షాపాయన జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. "అంటుకుంటుంది! అందరూ బయటికి నడవండి!" అని ఒక్క కేక పెట్టాడు. కొట్టు ఖాళీ అయింది. ముఖాలకు మాస్కులతో అంబులెన్సు వాళ్ళు వచ్చారు. వాళ్ళ వెనక పోలీసులొచ్చి గుమ్మానికి అడ్డంగా పసుపుపచ్చ పట్టీ కట్టారు. చేతికి తొడుగు వేసుకొని చీజు ముక్కలను ఒక్కొక్కటీ ఏరి సంచీలో వేసి సీలు చేశారు. ఒర్నెల్లా రోడ్డు మీద నిలబడి, "కాఫీలో చీజు వేసినప్పుడే అనుకున్నా, వీళ్ళు మంచివాళ్ళు కాదని," అని ఏడ్చింది. ఇద్దరినీ రెండు స్ట్రెచర్ల మీద పడుకోబెట్టి తీసుకుపోతుంటే, కళ్ళెదుటే వాళ్ళు ఎక్కాల్సిన జెనోవా బండి కూత వేసి వెళ్ళిపోయింది.

ఆసుపత్రిలో రక్తం తీసి, గొంతు చూసి, మైలిస్‌కు ఏమీ లేదని తేల్చారు. అంటువ్యాధి కాదన్నారు. ఆమె డ్యూటీ డాక్టరును పట్టుకొని, అతనికీ ఏమీ లేదని, అది రోగం కాదు జవాబు అని చెప్పబోయింది. కుర్ర డాక్టరు నిద్రలేని కళ్ళు నులుముకున్నాడు.

"అమ్మా, అవును అంటే నోటితో అనేది. ఇలా గుడ్లు తేలేసి అనేది కాదు. ఛాతీలో పట్టేసినట్టుందా అని నేనే అడిగా. మళ్ళీ అదే చప్పుడు."

"అది మర్యాదకి అన్నాడండీ. డాక్టరు అడిగితే కాదంటే బావుండదని."

"మర్యాదకి గుండెపోటు తెచ్చుకునేవాళ్ళని నేనింతవరకూ చూళ్ళేదు," అని డాక్టరు వెళ్ళిపోయాడు. ఆ క్షణం నుంచి మైలిస్ పెదాలు బిగబట్టుకొని, ఎవరేం అడిగినా మాటలోనే చెప్పసాగింది. అవతల ఆల్గోట్‌కు ఆక్సిజన్ పెట్టి, ఒంటి నిండా తీగలు తగిలించారు. గుండె వార్డు గుమ్మం దగ్గర మైలిస్‌ను ఒక నర్సు ఆపింది.

"మీరేమవుతారు?"

"సాంబోని."

"ఏంటీ, సాంబా? డాన్సా? భార్య కాదా మీరు?"

"పెళ్ళి చేసుకోలేదు. ముప్పై ఏళ్ళుగా కలిసే ఉంటున్నాం."

"ముప్పై ఏళ్ళా! మా అక్క పెళ్ళి చేసుకుని మూడేళ్ళు కూడా ఉండలేదు," అంది నర్సు జాలిగానే. "అయినా ఈ వార్డులోకి కట్టుకున్నవాళ్ళు, కన్నవాళ్ళు, తోడబుట్టినవాళ్ళే. మీరు ఆ బెంచీ మీద కూర్చోండి."

మైలిస్ బెంచీ మీద కూర్చుంది. అక్కడ రెండు బెంచీలున్నాయి. ముందు బెంచీలో ఎవరో ముసలాయన భార్యాపిల్లలు కూర్చొని ఉన్నారు. తనకు వెనక బెంచీ దొరికింది. రూత్ గుర్తొచ్చింది. ఆల్గోట్‌కు ఏమీ కాలేదని లోకంలో తనకొక్కదానికే తెలుసు. తెలిసీ ఏడుపు ఆగలేదు. నిజంగా ఏదైనా అయిన రోజున కూడా తన చోటు ఇదే.

ఆసుపత్రిలో రోగుల కోసం ప్రార్థనలు చేసే ముసలి ఫాదరు ఎట్టోరె అటుగా పోతూ ఆగాడు. నల్లని అంగీ నేలకు రాసుకుంటోంది. ఆమె పక్కన కూర్చొని సంగతంతా విన్నాడు. వినేకొద్దీ ఆయన మొహం ఎర్రబడింది.

"ముప్పై ఏళ్ళు ఒకే కప్పు కింద ఉండి, చివరి ఘడియలో నీకు గుమ్మం దాటే హక్కు లేకపోవడమేంటి తల్లీ? పద. నేనడుగుతా."

"ఆయనకి చివరి ఘడియ కాదండీ."

"అందరూ అలాగే అనుకుంటారమ్మా," అన్నాడు ఫాదరు. నర్సు అడ్డం వస్తే ఆమెను కూడా సాక్షిగా రమ్మన్నాడు.

ఆల్గోట్ మాస్కు కింద హాయిగా కునుకు తీస్తున్నాడు. ఫాదరు మంచం మీదికి వంగి మాస్కు పక్కకు తప్పించి, ఇంకో చేత్తో శిలువ పట్టుకొని అతన్ని తట్టి లేపాడు. "నాయనా ఆల్గోట్," అని ఇంగ్లీషులో ఒక్కొక్క మాటే విడదీసి అడిగాడు. "ఈ మైలిస్‌ని నీ భార్యగా చేసుకుంటావా?"

ఆల్గోట్ కళ్ళు పెద్దవయ్యాయి. "ష్వూప్!" మన్నాడు. ఇన్నేళ్ళలో అంత పొడుగాటి, అంత గట్టి ష్వూప్ మైలిస్ వినలేదు.

నర్సు ఒక్క దూకులో మాస్కు బిగించి గంట నొక్కింది. కుర్ర డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. ఫాదరు తల వంచి ప్రార్థన అందుకున్నాడు. మైలిస్ ఒక్కతే రెండు చేతులూ పైకెత్తి గెంతింది. "అవునన్నాడు! విన్నారా? అవునన్నాడు!"

"తల్లీ, అది ఆఖరి ఊపిరమ్మా," అన్నాడు ఫాదరు.

"కాదండీ, అవును! మావాళ్ళ అవును!" అని మైలిస్ డాక్టరు మీదా నర్సు మీదా పడి ఏడుస్తూ, నవ్వుతూ, తన ఊళ్ళో ఎవరెవరు ఎలా పీలుస్తారో పీల్చి చూపించింది. బడిపిల్లలది ఇలా, చర్చి పాస్టరుది ఇలా, టెలిఫోనులో అయితే ఇలా. కుర్ర డాక్టరు చేతిలో పరీక్షల ఫలితాలన్నీ ఉన్నాయి. వాటికేసి చూశాడు, ఆమెకేసి చూశాడు, మంచంలో ఉన్న మనిషికేసి చూశాడు. నెమ్మదిగా తల పట్టుకొని స్టూలు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు.

"ఈయన గుండె రాయమ్మా రాయి! పొద్దుట్నుంచి రోగం దొరక్క చస్తున్నాం!"

వార్త గంటలో ఆసుపత్రంతా చుట్టేసింది. నర్సులు ఒకరినొకరు "టీ తాగుతావా?" అని అడిగి "ష్వుప్" అనుకొని పడీ పడీ నవ్వారు. పోలీసులు పట్టీ విప్పేశారు. ఒర్నెల్లా కోపమంతా మరిచిపోయి ఒక కేకు పట్టుకొని వచ్చింది. కాఫీలో చీజు వేసుకొనేవాడికి కూడా ముసలితనంలో పిల్ల దొరికిందంటే దేవుడున్నట్టేనంది. ఇందాక గుమ్మం దగ్గర ఆపిన నర్సు ఇప్పుడు మైలిస్ చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయి, మంచం పక్కనే కుర్చీ వేసింది. పెద్ద డాక్టరు రేపొచ్చి సంతకం పెడితేగానీ రోగిని పంపడానికి లేదట. అయినా భార్య పక్కన ఉండొచ్చట. ఆ నర్సు "భార్య" అనేసరికి మైలిస్‌కు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సిగ్గుతో, సంతోషంతో ఆమె ఉక్కిరిబిక్కిరైంది.

అందరూ వెళ్ళాక కేకు ముక్క అతని చేతికిచ్చి దగ్గరికి జరిగి కూర్చుంది.

"జెనోవాలో సముద్రం దగ్గర అడుగుదామనుకున్నా ఆల్గోట్. ఫాదరే అడిగేశాడు. పోన్లే. ఇంతమంది ముందు అవునన్నావు, అది చాలు."

ఆల్గోట్ కేకు తింటూ ఆగాడు. "ఎప్పుడు?"

"ఎప్పుడేంటి? ఫాదరు అడిగినప్పుడు."

"ఓ, అదా," అన్నాడు ఆల్గోట్. "అది అవును కాదు మైలిస్. కళ్ళు తెరిచేసరికి నల్లబట్టల్లో ఆయన, చేతిలో శిలువ. నా పని అయిపోయింది కాబోలనుకున్నా. నిజంగానే ఊపిరాడలేదు."

పొద్దుట్నుంచి అతని అవును అందరికీ ఊపిరాడకపోవడంలా వినబడింది. ఒక్కసారి ఊపిరాడకపోతే ఆమెకు అవునని వినబడింది. మైలిస్ చేతిలోని పళ్ళెం జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

"సరే. ఆయనడిగింది మాత్రం విన్నావుగా?"

"విన్నా."

"అయితే ఇప్పుడు నేనడుగుతున్నా. నోరు తెరిచి చెప్పు."

ఆల్గోట్ దుప్పటి సర్దుకున్నాడు. తీగలకేసి చూశాడు. కట్టెలు తేవడానికి పోదామంటే లేవడానికి లేదు. చివరికి ఇన్నేళ్ళుగా మింగుతూ వచ్చిందంతా ఒక్కసారిగా బయటపెట్టాడు.

"ఇన్నాళ్ళూ బానే ఉన్నాం కదా. ఇప్పుడెందుకివన్నీ? నా తర్వాత ఇల్లు మా తమ్ముడికని నాన్న పోతూ పోతూ అన్నాడు. వాడేమో ఇప్పటికే కిటికీలు కొలుచుకుని పోయాడు. ఇప్పుడు పెళ్ళంటే వాడు నొచ్చుకోడూ?"

మైలిస్‌కు ఏడుపు రాలేదు. తమ్ముడు కిటికీలు కొలిచిన రోజున అతనికి కాఫీ పెట్టిచ్చింది తనే. పరదాలు కుట్టించి పంపుతాడేమో అనుకొని మురిసింది కూడా. ఆమెకు ఆల్గోట్ మీద వచ్చిన కోపం కన్నా, ముప్పై ఏళ్ళపాటు అతను పీల్చిన గాలికల్లా అర్థం చెప్పుకొంటూ బతికిన తన మీద వచ్చిన కోపమే ఎక్కువ. ఆల్గోట్ ఏనాడూ అబద్ధమాడలేదు. ఆడడానికి అసలు మాట్లాడితేగా.

ఆమె లేచి కోటు గుండీలు పెట్టుకుంది.

"జెనోవాకి ఇంకో బండుందంట. నేను పోతున్నా."

"ఒక్కదానివా?" ఆల్గోట్ మోచేతుల మీద లేచాడు. తీగలు అడ్డం వచ్చాయి. "నన్ను రేపటిదాకా పంపరు కదే."

"పంపరు," అంది మైలిస్, నోరు తెరిచి, మాటలో.

"సముద్రం చూసి ఇటే వస్తావా? ఇంటికి కలిసే పోదాం. వస్తావు కదూ?"

అతను అంత ఆత్రంగా ఏదైనా అడగడం ఆమె ఎప్పుడూ వినలేదు. జవాబు కోసం అతను తన ముఖంలోకి చూడడం కూడా కొత్తే. మైలిస్ మూలనున్న తన సంచీ దగ్గరికి వెళ్ళింది. వంగి, పట్టీలు రెండూ పట్టుకొని, ఒక్క ఊపున వీపు మీదికి ఎత్తుకుంది.

"ష్వుప్," మంది. తలుపు తీసుకొని వెళ్ళిపోయింది.

అది అవునో, సంచీ బరువో ఆల్గోట్‌కు తెలియలేదు.